పూతరేకుల దుకాణానికి వెబ్‌సైట్: తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి?

గోదావరి గట్టున, ఆత్రేయపురానికి దగ్గరలోని ఒక ఊరి నుంచి 34 ఏళ్ల ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కాబట్టి ఆ వివరాలు తీసేసి, మిగిలిన విషయాన్ని ఆమె చెప్పిన వరసలోనే ఇస్తున్నాను.

ఆమె అత్తగారు 30 ఏళ్లుగా పూతరేకులు చేయించి అమ్ముతున్నారు. కుండ మీద రేకు తీసేవాళ్లూ, బెల్లం పొడి, నెయ్యి వేసి చుట్టేవాళ్లూ కలిపి 11 మంది ఆడవాళ్లు వాళ్ల పెరటి పంచలో పనిచేస్తారు. బీకాం చదివిన ఈమె ఆరేళ్ల కిందట లెక్కలూ ఫోనూ చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి అమ్మకం చాలావరకు వాట్సాప్ మీదికి మారింది. నెలకు సుమారు 400 ఆర్డర్లు వస్తాయి. వాటిలో పెళ్లిళ్లకూ సారెలకూ వెళ్లేవి 15 కూడా ఉండవు గానీ, అమ్మకంలో దాదాపు సగం వాటిదే. కిందటి ఏడాది సంక్రాంతికి, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆడపడుచు గారి అబ్బాయి ఇంటికి వచ్చి, “అత్తయ్యా, మనకో వెబ్‌సైట్ ఉండాలి, నేను చేసిపెడతాను” అన్నాడు. చీటీ పాడిన డబ్బులో నుంచి 60,000 రూపాయలు ఇచ్చారు. ఉద్యోగం ముగించుకున్నాక రాత్రిళ్లు కూర్చుని చేస్తూ, దసరాకు తెరిచాడు.

తెరిచాక వచ్చిన చిక్కులను ఆమె వివరంగా రాశారు. ఫోన్‌లో ఆ వెబ్‌సైట్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. తెరుచుకోగానే పైన కదిలే పెద్ద బొమ్మల్లో కనిపించే లడ్డూలు, కాజాలు వాళ్లవి కావు. ఇంటర్నెట్‌లో నుంచి తెచ్చి పెట్టినవి. రాతంతా ఇంగ్లీషు. నాలుగు నెలల్లో 23 ఆర్డర్లు వచ్చాయి. కట్టిన డబ్బు మేనల్లుడి బ్యాంకు ఖాతాలో పడుతుంది, అతనికి గుర్తొచ్చినప్పుడు పంపుతాడు. వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫిర్యాదు రాస్తే అది కూడా అతని మెయిల్‌కే వెళుతుంది. ఈ సంక్రాంతికి ముందు వారం, ఏడాదిలోకెల్లా ఎక్కువ బేరం ఉండే రోజుల్లో, వెబ్‌సైట్ ఐదు రోజులు మూతపడింది. డొమైన్, అంటే వెబ్‌సైట్ పేరు, గడువు తీరిందన్న హెచ్చరికలు అతను ఎప్పుడో వాడడం మానేసిన మెయిల్‌కు వెళ్లాయట. ఆ వెబ్‌సైట్ చిరునామా అచ్చువేయించిన పెట్టెలు 5,000 ఇంట్లో ఉన్నాయి. పుణెలో ఉన్న ఒక ఆవిడకు పంపిన రెండు పెట్టెలు పొడి పొడిగా చేరాయి; ఆమె మూడుసార్లు రాస్తే నెల తరువాత గానీ ఆ సంగతి ఇంట్లో తెలియలేదు, ఇప్పటికీ ఆమెకు జవాబు వెళ్లలేదు.

ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, వెబ్‌సైట్, యాప్ రెండూ కలిపి రెండున్నర లక్షలకు చేసిస్తామంటున్నారు. “ఫోన్ ఉండగా ఇవన్నీ ఎందుకు” అంటారు భర్త. “నా వంటిల్లూ నా కుండా ఊరందరికీ చూపిస్తావా” అంటారు అత్తగారు. పాస్‌వర్డులు అడిగితే ఆడపడుచు ఇంట్లో మాట వస్తుందని ఈమె భయం. ఉన్నదాన్ని బాగు చేయించాలా, వదిలేయాలా, కొత్తగా కట్టించాలా, ఫోన్‌తోనే సరిపెట్టుకోవాలా, అన్నిటికంటే ముందు మేనల్లుడిని నొప్పించకుండా ఆ తాళాలు ఎలా అడగాలి అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మూడు ముడులు ఒకదానిలో ఒకటి పడిపోయి ఉన్నాయి: ఆ వెబ్‌సైట్ ఎవరిది, అసలు అది మీకు ఎందుకు, చుట్టరికం మాటేమిటి. ఈ మూడింటినీ ఒకే ప్రశ్నగా చూడడం వల్లనే మీకు ఇంత బరువుగా ఉంది. రెండున్నర లక్షలు పెట్టి కొత్తది కట్టించినా మొదటి ముడి విప్పకపోతే, ఇప్పుడు మేనల్లుడి దగ్గర ఉన్న తాళాలు రేపు కంపెనీ దగ్గర ఉంటాయి. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

వెబ్‌సైట్ అనేది ఒకే వస్తువు కాదు. మీ దుకాణాన్నే తలుచుకోండి. దుకాణం పేరున్న బోర్డు వంటిది డొమైన్; దాన్ని ఏడాదికో, కొన్నేళ్లకో అద్దె కట్టి ఉంచుకుంటాం. దుకాణం నిలబడిన స్థలం వంటిది హోస్టింగ్. లోపలి అల్మారాలూ వాటిలో సర్దిన సరుకూ ఆ కుర్రవాడు రాత్రిళ్లు కూర్చుని చేసిన పని. గల్లాపెట్టె పేమెంట్ గేట్‌వే. వచ్చినవాళ్లు పిలిస్తే పలికే మనిషి ఆ మెయిల్ చిరునామా. ఈ ఐదూ వేరువేరు చోట్ల, వేరువేరు ఖాతాల్లో ఉంటాయి, ఎవరి పేరుతో నమోదైతే వారివే అవుతాయి. మీ విషయంలో ఐదూ ఆ అబ్బాయి పేరు మీదే ఉన్నాయి. దురుద్దేశంతో చేశాడని నేను అనుకోవడం లేదు. పని తొందరగా కానివ్వాలని తన మెయిల్, తన కార్డు, తన ఖాతా పెట్టేసి ఉంటాడు. ఇంట్లోవాళ్లకు చేసిపెట్టే పిల్లలు చాలామంది ఇలాగే చేస్తారు. ఫలితం మాత్రం, 30 ఏళ్ల మీ అత్తగారి పేరు ఒక కుర్రవాడి పాత మెయిల్ పెట్టె మీద ఆధారపడి ఉండడం.

వీటిలో గల్లాపెట్టె సంగతి ఒక్క వారం కూడా ఆగకూడదు. మీ అమ్మకం డబ్బు అతని ఖాతాలో పడుతున్నంతకాలం కాగితం మీద అది అతని రాబడిగానే కనిపిస్తుంది. ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే జవాబు చెప్పవలసింది అతను. ఉద్యోగం చేసుకుంటున్నవాడికి అది మంచిది కాదు. మీ వైపు నుంచి చూస్తే, అమ్మిన సరుకుకు మీ పుస్తకాల్లో జమ లేదు. ఇంకో సంగతి మీ ఉత్తరంలో లేదు కనుక చెబుతున్నాను: ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సరుకు అమ్మేవారికి, టర్నోవర్ పరిమితితో సంబంధం లేకుండా జీఎస్టీ నమోదు కావాలన్నది సాధారణ నియమం. 2014 తరువాత మనకు హైదరాబాదు కూడా వేరే రాష్ట్రమే. ఈ నియమం వెబ్‌సైట్ వల్ల పుట్టింది కాదు, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని హైదరాబాదుకు పార్సిల్ పంపినా వర్తిస్తుంది. నమోదు మీకు ఇదివరకే ఉంటే సరే. లేకపోతే వెబ్‌సైట్ కంటే ముందు మీ ఆడిటర్‌ను కలవండి. నమోదు ఉంటే మీ దుకాణం పేరుతో బ్యాంకులో కరెంటు ఖాతా, ఆ ఖాతాతో పేమెంట్ గేట్‌వే తీసుకోవడం తేలికవుతుంది. గేట్‌వే వాళ్లు కార్డు చెల్లింపుల మీద సాధారణంగా 2 శాతం దాకా, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటారు. 600 రూపాయల ఆర్డరుకు 14 రూపాయలు అటూ ఇటుగా పోతుందని ధరలో ముందే లెక్క వేసుకోవాలి.

తరువాత బోర్డు, అంటే డొమైన్. గడువు తీరిన పేరు వెంటనే ఇంకొకరికి పోదు. డాట్ కామ్ పేర్లకు సాధారణంగా మామూలు రుసుముతోనే తిరిగి తీసుకునే కొన్ని రోజులూ, ఆ తరువాత జరిమానాతో విడిపించుకునే 30 రోజులూ ఉంటాయి. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈసారి ఐదు రోజులతో బయటపడ్డారు. డొమైన్‌ను ఒకేసారి 10 ఏళ్ల వరకు నమోదు చేసుకునే వీలుంది, ఏడాదికి వెయ్యి రూపాయల ప్రాంతంలో అయ్యే ఖర్చుకు ప్రతి సంక్రాంతికీ గుండె దడ పెట్టుకోనక్కర్లేదు. మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో, దుకాణం కోసమే తెరిచిన ఒక కొత్త మెయిల్‌తో డొమైన్ అమ్మే కంపెనీలో ఖాతా తెరవండి. అతను వాడిన కంపెనీలోనే తెరిస్తే అతని ఖాతా నుంచి మీ ఖాతాకు మార్చడం కొద్ది నిమిషాల పని. ఆ మెయిల్‌కు రెండంచెల భద్రత, అంటే పాస్‌వర్డుతో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టి, దాని వివరాలు మీవారికి కూడా తెలిసేలా రాసి బీరువాలో ఉంచండి.

ఇక అడగడం ఎలా అన్నది. “నీ వల్ల నష్టపోయాం” అని మొదలుపెడితే మాట ఆడపడుచు గారింటికి చేరేసరికి పదింతలవుతుంది. “నువ్వు లేకపోతే ఇది మొదలయ్యేదే కాదు” అన్నది మీ మనసులో నిజంగా ఉంటే, ముందు అదే చెప్పండి. ఆ తరువాత ఆడిటర్ మాటగా, నిజంగా ఆడిటర్‌ను కలిసిన తరువాతే, ఇలా చెప్పవచ్చు: “బాబూ, అమ్మకం డబ్బు నీ ఖాతాలో పడితే రేపు నీకే ఇబ్బంది అంటున్నారు. డొమైనూ, హోస్టింగూ, గేట్‌వే అన్నీ దుకాణం పేరు మీదికి మార్చేద్దాం. ఈ ఆదివారం ఒక గంట ఫోన్‌లో కూర్చుందామా? నువ్వు ఇంతవరకు కట్టిన రుసుములు ఎంతయ్యాయో చెప్పు, పంపిస్తాను.” ఈ చివరి మాట మరిచిపోవద్దు. 60,000లో ఎంత హోస్టింగుకు పోయిందో, ఎంత అతనికి మిగిలిందో మీకు తెలియదు. తన చేతి డబ్బు కూడా పెట్టి ఉండవచ్చు. ఒక గంట ముందే అనుకుంటే తప్పించుకునే అవసరం అతనికి ఉండదు, మీకూ పదేపదే గుర్తుచేసే బాధ ఉండదు. ఆ గంటలో డొమైన్, హోస్టింగ్ ఖాతాలు, వెబ్‌సైట్ మొత్తానికీ ఒక బ్యాకప్ కాపీ, ఇంతవరకు వచ్చిన ఆర్డర్లూ ఫిర్యాదుల జాబితా మీ చేతికి రావాలి.

అతను ఊరుకుంటే, లేదా వాయిదాలు వేస్తూ పోతే మీకు రెండు దారులు ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు, బహుశా మీవారే, తన అక్కతోనో చెల్లెలితోనో నేరుగా మాట్లాడడం ఒకటి. ఇది మీ నోటి నుంచి కాకుండా ఆయన నోటి నుంచి వస్తేనే చుట్టరికానికి మంచిదని నాకనిపిస్తుంది. ఆ పేరు వదిలేసి కొత్త పేరు కొనుక్కోవడం రెండోది. అప్పుడు నష్టం 5,000 పెట్టెలు కాదు, వాటి మీద ఒక స్టిక్కరు అతికిస్తే సరిపోతుంది. పాత పెట్టె దాచుకున్న పాత కొనుగోలుదారు దారి తప్పడమే అసలు నష్టం, నాలుగు నెలలే కాబట్టి అది భరించలేనంత ఏమీ కాదు. కొత్త పేరు కొనవలసి వస్తే, ఫోన్‌లో చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకోగలిగే పేరు చూసుకోండి. పూతరేకులు అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు యూతో, ఇంకొకరు రెండు ఓలతో, ఒకరు టీ పక్కన హెచ్ పెట్టి, ఒకరు పెట్టకుండా రాస్తారు. ఆ మాట లేకుండా మీ అత్తగారి పేరో, ఇంటిపేరో ఉంటే ఈ గొడవ తగ్గుతుంది.

మొదటి ముడి ఇంతటితో విప్పినట్టే. రెండోదానికి వస్తే, మీవారి మాటను కొట్టిపారేయకండి. నెలకు 400 ఆర్డర్లు ఫోన్ మీద నడుస్తున్నాయంటే ఫోన్ తన పని తాను చేస్తోందనే అర్థం. ఫోన్ చేయలేనిది ఏమిటన్నదే చూడాలి. రాత్రి పదకొండు గంటలకు బెంగళూరు నుంచి ఒకరు “పెట్టెలో ఎన్ని ఉంటాయి” అని అడుగుతారు. మీరు పొద్దున జవాబిచ్చేసరికి వాళ్లు ఇంకో చోట కొనేసి ఉంటారు. చిరునామాలో పిన్‌కోడ్ తప్పుపడుతుంది. డబ్బు కట్టినట్టు తప్పుడు స్క్రీన్‌షాట్ పంపేవాళ్లు ఉంటారు. ఒకే ప్రశ్నకు రోజుకు ముప్ఫైసార్లు జవాబు చెప్పేది మీరొక్కరే కాబట్టి, మీకు జ్వరం వస్తే దుకాణానికీ జ్వరం వస్తుంది. ఈ నాలుగు పనులూ తీసుకోగలిగితేనే వెబ్‌సైట్ మీకు ఉపయోగం.

అందుకే ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకముందు చేయవలసిన పని ఒకటుంది. ఒక తెల్ల నోటు పుస్తకం తీసుకుని, గత రెండు నెలల వాట్సాప్ సంభాషణలు వెనక్కి చదువుతూ, కొనేవాళ్లు అడిగిన ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లోనే రాయండి. అదే ప్రశ్న మళ్లీ వస్తే పక్కన ఒక గీత గీయండి. బెల్లమా పంచదారా, నెయ్యి ఏది, ఎన్నాళ్లు నిలవుంటాయి, ఫ్రిజ్‌లో పెట్టవచ్చా, షుగరున్నవాళ్లు తినవచ్చా, హైదరాబాదుకు ఎన్ని రోజులు, విరిగితే ఏం చేస్తారు, 500 కావాలంటే రేటు ఎంత, పెట్టె మీద పెళ్లివారి పేర్లు వేస్తారా. నాలుగైదు సాయంత్రాల పని ఇది, కానీ ఏ కంపెనీ వచ్చి కూర్చున్నా మీకు ఇంతకంటే మంచి నక్షా గీసివ్వలేదు. ఎక్కువ గీతలున్న ప్రశ్నలకు జవాబులు మొదటి పేజీలో ఉండాలి. తక్కువ గీతలున్నవి లోపలికి వెళతాయి. ఒక్క గీత కూడా లేని సంగతులు, అంటే “మా దృక్పథం”, “మా లక్ష్యం” వంటివి, అసలు అక్కర్లేదు.

మీరే రాసిన లెక్కను ఇంకోసారి చూడండి. నెలకు 15 కూడా లేని పెళ్లి, సారె ఆర్డర్లు సగం అమ్మకం తెస్తున్నాయి. ఇప్పుడున్న వెబ్‌సైట్‌లో వాటి ఊసే లేదు. ఆడపిల్లకు సారె పంపే తల్లి ఎవరూ 300 పూతరేకులను బుట్టలో వేసి, కార్డుతో డబ్బు కట్టి ఊరుకోరు. ఎన్నింటికి ఎంత, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, నమూనా పంపుతారా, కావిళ్లకూ పళ్లేలకూ సరిపడే అమరిక ఎలా ఉంటుంది అని చూసుకుని, మీతో ఒకసారి మాట్లాడాలనుకుంటారు. కాబట్టి మీ వెబ్‌సైట్‌లో అన్నిటికంటే విలువైన పేజీ డబ్బు తీసుకునే పేజీ కాకపోవచ్చు. ధరలు దాచకుండా చెప్పి, చివర మీ ఫోన్ నంబరు ఇచ్చే సారె పేజీ కావచ్చు. మాఘమాసం, వైశాఖం ముహూర్తాలకు ముందు ఆ ఒక్క పేజీ సిద్ధంగా ఉంటే, మిగిలినవి నింపాదిగా కట్టుకోవచ్చు.

ఫొటోల దగ్గర మీ అత్తగారి మాట అడ్డుపడుతోందని రాశారు. ఆమె భయాన్ని చాదస్తం అనుకోకండి. బోర్లించిన కుండ మీద పలచటి పిండి బట్టతో ఒక్క తుడుపు తుడిచి రేకు తీయడం చూసినంత మాత్రాన ఎవరికీ రాదు. అది ఏళ్ల తరబడి చేతికి పట్టవలసిన పని. ఆ సంగతి ఆమెకు మనకంటే బాగా తెలుసు. బహుశా ఆమె భయం గుట్టు పోతుందని కాదు, పని చేసుకునే ఇల్లు నలుగురి కళ్లలో పడుతుందని. ముఖాలు లేకుండా చేతులూ, కుండా, రేకూ మాత్రమే తీస్తామని చెప్పి, తీసిన ఫొటోలన్నీ ముందు ఆమెకు చూపించి, వద్దన్నవి తీసేస్తే ఒప్పుకోవచ్చు. ఆ 11 మందినీ కూడా విడివిడిగా అడగాలి. ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఇప్పుడు పెట్టిన తెచ్చిపెట్టుకున్న లడ్డూల బొమ్మలు మీ సరుకు మీద నమ్మకాన్ని తీసేస్తున్నాయి. దూరాన ఉన్న మనిషి రుచి చూడలేడు, వాసన చూడలేడు. ఆ చేతులూ ఆ కుండా కనిపిస్తేనే ఇవి నిజంగా అక్కడివే అని నమ్ముతాడు. పొద్దుటి ఎండ పక్కవాటుగా పడే చోట, రేకు పలుచదనం కనిపించేలా, మామూలు ఫోన్‌తో తీసినా చాలు.

ఆ ఫొటోలను ఫోన్‌లో నుంచి తీసినవి తీసినట్టే పెట్టకూడదు. ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది, మీ వెబ్‌సైట్ తెరుచుకోకపోవడానికి ఇలాంటి బరువైన కదిలే బొమ్మలే ముఖ్య కారణం అయి ఉండవచ్చు. ఒక్కో ఫొటోను 200 కేబీలోపు, వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో రూపంలోకి కుదించమని చెప్పండి. పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. మీరు కొలవడానికి పరికరాలు అక్కర్లేదు: రావులపాలెం బస్సులో కూర్చుని, వైఫై లేకుండా, పాత ఫోన్‌లో తెరిచి చూడండి.

భాష సంగతి. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండాలి, అయితే ఒకదానికి అనువాదంగా మరొకటి కాదు. సారె పేజీ తెలుగులో మీరు ఫోన్‌లో మాట్లాడినట్టే ఉండాలి. పూతరేకు అంటే ఏమిటో తెలియని పుణె మనిషికి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వేరేగా రాయాలి. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. మీ పెట్టె మీది అక్షరాలు డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో చేసినవైతే, వాటిని వెబ్‌సైట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగా కనిపించే యూనికోడ్ పద్ధతిలో మళ్లీ టైపు చేయించుకోవాలి. కొందరు ఆ శ్రమ ఎందుకని తెలుగు రాతను బొమ్మగా పెట్టేస్తారు. అప్పుడు తెలుగులో వెతికేవారికి మీ పేజీ దొరకడం కష్టం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీవారు చెప్పిన దారినే కొంచెం పటిష్ఠం చేసుకోవడం ఒకటి. వాట్సాప్ బిజినెస్‌లో ధరలతో కేటలాగ్ పెట్టి, తరచుగా అడిగేవాటికి సిద్ధం చేసిన జవాబులు పెట్టుకుని, గూగుల్ మ్యాపులో దుకాణం వివరాలు నమోదు చేసుకుని, మీ డొమైన్ మీద నాలుగు పేజీల చిన్న వెబ్‌సైట్ ఉంచడం. ప్రతి పేజీ చివర వాట్సాప్ మీట. ఖర్చు కొద్ది వేలలో ముగుస్తుంది. రాత్రి అడిగేవాళ్లకు జవాబు దొరుకుతుంది. కానీ డబ్బు సరిచూసుకోవడం, చిరునామా రాసుకోవడం మీ చేతి మీదే ఉంటాయి. నెలకు 400 ఆర్డర్లు 700 అయితే ఇంకో మనిషిని పెట్టుకోవలసి వస్తుంది.

రెండో దారి, షాపిఫై వంటి అద్దె దుకాణం. స్థలం, అల్మారాలు, భద్రత అన్నీ వాళ్లే చూసుకుంటారు. నెలకు సుమారు 2,000 రూపాయల అద్దె, దానికి తోడు గేట్‌వే రుసుములు. సాంకేతిక పరిజ్ఞానం లేకుండా మీరే ధర మార్చుకోవచ్చు, సంక్రాంతికి సరుకు అయిపోతే మీరే ఆపేయవచ్చు. మేనల్లుడి మీదా ఏ కంపెనీ మీదా ఆధారపడనక్కర్లేదు. అద్దె మాత్రం బేరం లేని ఆషాఢంలోనూ కట్టాలి, మానేస్తే దుకాణం మూతపడుతుంది.

మూడోది, ఉన్నదాన్ని బాగు చేయించడం. అది వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ మీద, దానికి దుకాణం జోడించే వూకామర్స్‌తో చేసిందైతే, తీసిపారేయనక్కర్లేదు. బొమ్మలు మార్చి, అక్కర్లేని హంగులు తీసేస్తే సగం జబ్బు పోతుంది. అన్నీ మీ సొంతమై ఉంటాయి. అయితే దానిలోని విడి భాగాలను తరచూ తాజా చేయకపోతే దొంగలు చొరబడతారు, ప్రతివారం బ్యాకప్ ఉండాలి. ఆ పని చేసే మనిషి, జీతానికో ఏడాది ఒప్పందానికో, తప్పనిసరి. మేనల్లుడే చేస్తానంటే నెలకు ఇంత అని మాట్లాడుకుని ఇవ్వండి. చుట్టరికం మీద ఊరికే చేయించుకున్న పనికి గడువు అడిగే హక్కు ఉండదు.

కంపెనీ వాళ్ల రెండున్నర లక్షల మాట: యాప్ మీకు అక్కర్లేదని గట్టిగా చెప్పగలను. ఏడాదికి మూడుసార్లు మిఠాయి కొనే మనిషి దానికోసం ఫోన్‌లో ఒక యాప్ ఉంచుకోడు. యాప్ తీసేసి ఎంతకు చేస్తారో అడగండి. వాళ్లు ఇదివరకు చేసిన మూడు దుకాణాల పేర్లు తీసుకుని, ఆ యజమానులకు మీరే ఫోన్ చేసి, రెండో ఏడాది ఎంత కట్టించుకున్నారో కనుక్కోండి. డొమైన్, హోస్టింగ్, గేట్‌వే మీ పేరు మీదే ఉంటాయని ఒప్పందంలో రాయమంటే వెనకాడేవాళ్లకు పని ఇవ్వకండి. డబ్బు ఒకేసారి కాకుండా, పని నడిచిన కొద్దీ మూడు వాయిదాల్లో ఇవ్వాలి.

నేనైతే ఈ పెళ్లిళ్ల కాలానికి మొదటి దారిలో నడిచి, నోటు పుస్తకం లెక్కలు చూసుకుని, రాఖీ, దసరాల నాటికి రెండో దారికి మారడమా అన్నది తేల్చుకుంటాను. మీ ఇంట్లో కంప్యూటర్ ముందు రోజుకు గంట కూర్చోగల మనిషి ఇంకొకరు ఉంటే మూడోది కూడా మంచిదే. ఆ సంగతి మీకే తెలుసు.

ఏ దారి పట్టినా కొన్ని కాగితాలు తప్పవు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల నంబరు వెబ్‌సైట్‌లో కనిపించాలి. ధర, నికర బరువు, తయారుచేసినవారి పేరు, చిరునామా వంటి పెట్టె మీది వివరాలు తెర మీదా ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరూ ఫోన్ నంబరూ ఇవ్వాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఎన్నాళ్లు నిలవుంటాయన్నది అత్తగారి అనుభవంతో పాటు ఒకసారి ల్యాబ్‌లో పరీక్ష చేయించి రాస్తే ధైర్యంగా ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఊరి పేరు చెప్పుకోవాలన్న తొందరలో ఆ గుర్తింపు ముద్రను వెబ్‌సైట్‌లో అతికించకండి. దాన్ని వాడుకోవడానికి అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవాలి. మీ ఊరు ఆ గుర్తింపు పరిధిలోకి వస్తుందో లేదో తయారీదారుల సంఘంవారిని అడిగితే చెబుతారు, వచ్చేట్టయితే ఆ నమోదు మీ వెబ్‌సైట్ మొత్తం కంటే విలువైనది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతున్నారని చివర్లో రాశారు. ఇప్పుడే ఆ తలుపు తెరవకండి. వ్యాపారంగా పంపే తిండి పదార్థాలకు అక్కడి ఆహార శాఖ దగ్గర నమోదూ ముందస్తు సమాచారమూ కావాలి. అంతకుముందు 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేని వెసులుబాటు ఉండేది, 2025 ఆగస్టు 29 నుంచి అదీ తీసేశారు. ప్రస్తుతానికి ఈ దేశంలోని పిన్‌కోడ్‌లకే పరిమితమని స్పష్టంగా రాసి, వాళ్ల నంబర్లు మాత్రం విడిగా రాసి ఉంచుకోండి.

ఈ పనులన్నిటికీ వారాలు పడుతుంది. ఈ ఉత్తరం చదవగానే చేయగలిగిన పని ఒకటి మిగిలింది. పుణె ఆవిడ నంబరు మేనల్లుడి దగ్గర తీసుకుని, ఈ రోజే మీరు స్వయంగా ఫోన్ చేయండి. క్షమించమని అడగండి, డబ్బు వెనక్కి పంపమంటారా, మళ్లీ పెట్టెలు పంపమంటారా అని ఆమెనే కోరుకోమనండి. పెట్టె ఏ మూల నలిగిందో, లోపల ఎంత ఖాళీ ఉందో అడిగి రాసుకోండి. రెండోసారి పంపేటప్పుడు గట్టి అట్టపెట్టెలో, రేకులు కదలకుండా సర్ది పంపి, చేరాక ఎలా ఉన్నాయో ఒక ఫొటో పంపమనండి. “విరిగితే ఏం చేస్తారు” అన్న ప్రశ్నకు మీ వెబ్‌సైట్‌లో రాయవలసిన జవాబు ఆ ఫోన్‌లో ఆమెకు మీరు ఇచ్చిన మాటే.